చిలుకలోని ప్రాణము

2025 మార్చి 28వ తేదీని మన రక్షణ మంత్రిత్వశాఖవారు హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థతో నొక గొప్ప యొడంబడిక చేసికొనిరి. దాని ప్రకారము ‘ప్రచండ్’ అను పేరుగల తేలికపాటి యుద్ధ హెలికాప్టరులు 156 తయారు కావలెను. వానిలో 66 వాయుసేనకును, 90 భూసేనకును చెందును. వీని వెల 62,700 కోట్ల రూపాయలు. యంత్రపు విలువలో నూటికి 65 పాళ్ళకు పైబడి స్వదేశ వస్తువులే యుండునని ప్రకటించిరి. ఈ వార్త విని సంతసింపని భారతీయుడుండడు. మేమును సంతసించితిమి. కాని సంతోషము చల్లారకమునుపే యొక ప్రశ్న వేసికొనుట వివేకవంతుల లక్షణము. నూటికి 65 పాళ్ళు మనవైనచో, తక్కిన పాళ్ళలో నేమున్నవి?

బాలనాగమ్మ కథ వినని తెలుగువాడు లేడు. మాయలఫకీరు దేహము కోటలో నుండును. వాని ప్రాణము ఏడు సముద్రముల కావల, చెట్టుతొఱ్ఱలో, చిలుకయందుండును. చిలుక యెవని చేజిక్కునో ఫకీరును వాని చేజిక్కినట్లే. హెలికాప్టరునకు ప్రాణము ఇంజను. తొడుగు మనము చేయవచ్చును, ఆయుధము మనము చేయవచ్చును, నడుపు వీరుడు మన బిడ్డయే కావచ్చును. ఇంజనుమీద సర్వాధికారము పరునిదైనచో ఆ యంత్రము మనదే యని చెప్పుకొనుటలో సగము సత్యమే యుండును. శాతముల లెక్క వెలను చెప్పును గాని ప్రాధాన్యమును చెప్పదు.

బెంగుళూరున తయారగు వస్తువును గూర్చి హైదరాబాదువారికి చింత యేల యని కొందఱనవచ్చును. మేము వారితో నేకీభవింపజాలము. హెలికాప్టరు నుండి ప్రయోగించు ‘హెలీనా’ క్షిపణి మన నగరపు పరిశోధనాలయములలో రూపొందినది. ఇంజనునకు వలసిన మేలిలోహముల విద్యకు పుట్టినిల్లు కంచన్‌బాగు. అమెరికావారి ‘అపాచీ’ యుద్ధ హెలికాప్టరు కళేబరములు 2018 నుండి మన ఆదిభట్లలోనే తయారై సముద్రము దాటుచున్నవి. రాయదుర్గమున మెట్రోరైలు దిగి నలుదెసల కన్నెత్తి చూచినచో అద్దాల మేడలలో వేలకొలది ఇంజనీరులు లెక్కలు కట్టుచు, పటములు గీయుచు నుందురు. వారిలో విదేశ విమానముల ఇంజనులకు రూపకల్పన చేయువారును గలరు. కావున నీ ప్రశ్న మన వీధిలోని ప్రశ్నయే.

ముందుగా గతమును తలచుకొందము. ప్రచండ్‌కు అన్నవంటిదగు ‘ధ్రువ్’ హెలికాప్టరు 1992 ఆగస్టు 20న తొలిసారి యెగిరెను. దానికి అమెరికా సంబంధముగల టీ-800 తరగతి ఇంజను నమర్పవలెనని మనవారు తలపెట్టిరి. 1998 మే నెలలో పోఖరాన్‌లో అణుపరీక్షలు జరిగినవి, వెంటనే అమెరికా ఆంక్షలు విధించినది, ఇంజను రాలేదు. ధ్రువ్ చేసిన తప్పేమియు లేదు. దాని గుణదోషములను విచారించినవారును లేరు. వేఱొక విషయముపై వచ్చిన కోపము దీనిపై తీరినది. అపుడు ఫ్రాన్సుదేశపు టర్బోమెకా సంస్థవారి చిన్న ఇంజనుతో కాలము గడపవలసివచ్చెను. పర్వతప్రాంతములకు ఆ బలము చాలలేదు. 2003లో ఆ ఫ్రెంచివారితోనే కలిసి క్రొత్త ఇంజను రూపొందించుట కొప్పందము కుదిరినది. అదియే నేటి ‘శక్తి’. 2007లో దానికి యోగ్యతాపత్రము లభించినది. దాని బలము సుమారు 1,400 అశ్వశక్తి తరగతిది. ధ్రువ్‌కును, ప్రచండ్‌కును నేడు శక్తియే ఆధారము. ఇది బెంగుళూరునందే తయారగుచున్నది. దీనివలన మనకు గొప్ప మేలు కలిగినదని నిష్పాక్షికముగా నొప్పుకొనవలెను. అయినను కలిసి చేయుట వేఱు, సొంతముగా చేయుట వేఱు.

ఈ చిలుక కథ మనకు మాత్రమే చెల్లలేదు. టర్కీవారు తమ యుద్ధ హెలికాప్టరులను 30 పాకిస్తానునకు విక్రయింప 2018లో నొప్పుకొనిరి. ఆ హెలికాప్టరు ఇంజనును టీ-800 కుటుంబములోనిదే. అమెరికా యెగుమతి యనుమతి నీయలేదు. బేరము ఏండ్ల తరబడి వ్రేలాడి చివరకు చెడినది. టర్కీవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తమ సొంత ఇంజను నొకదానిని చేసి, 2023 ఏప్రిలులో దానిని సాధారణ ప్రయాణ హెలికాప్టరున అమర్చి యెగురవేసిరి. చైనావారు తమ జడ్-10 యుద్ధ హెలికాప్టరునకు మొదట కెనడాలో తయారైన ఇంజనులను తెచ్చుకొనిరి. ఆ సంగతి బయటపడగా 2012లో ఇంజను సంస్థయు, దాని మాతృసంస్థయు అమెరికా న్యాయశాఖ యెదుట తప్పొప్పుకొని ఏడున్నర కోట్ల డాలరులకు పైగా చెల్లింపవలసివచ్చెను. చైనావారు తమ సొంత ఇంజనునకు మరలిరి. అది బలహీనమగుటచే హెలికాప్టరు బరువు తగ్గించుకొనవలసివచ్చినది. ముగ్గురు వేర్వేరు దేశస్థులకు తగిలిన దెబ్బ యొక్కటే యైనపుడు అది దైవికమని త్రోసివేయరాదు.

మన యింటి చరిత్రలోనే మఱియొక పాఠము గలదు. కుర్ట్ టాంక్ అను జర్మను పండితుని నాయకత్వమున బెంగుళూరున రూపొందిన ‘మారుత్’ యుద్ధవిమానము 1961 జూన్ 17న తొలిసారి యెగిరెను. దాని రూపము శబ్దవేగమునకు రెట్టింపు వేగము నుద్దేశించి గీసినది. అందులకు తగిన బలవంతమైన ఇంజను ఇంగ్లండులో తయారగుచుండగా, దాని యభివృద్ధి వ్యయములో మనవారు పాలు పంచుకొనలేదు. ఆ ఇంజను ఆగిపోయినది. తక్కువ బలముగల ఇంజనులతోనే మారుత్ జీవితమంతయు గడపి, 1971 యుద్ధమున రాజస్థాన సీమలో ధైర్యముగా పనిచేసి, తన పుట్టుకకు తగిన వేగము నందుకొనకయే విశ్రమించెను. నేటి తేజస్ సంగతి చూడుడు. 2021లో కోరిన 99 అమెరికా ఇంజనులలో మొదటిది 2025 మార్చిలో గాని చేతికి రాలేదు. విమానపు తొడుగులు సిద్ధమై ఇంజనులకై యెదురుచూచినవి. పెండ్లిపందిరి వేసికొని పెండ్లికొడుకు రాకకై వీధివైపు చూచుటవంటిదిది.

ఇంజనును ఎన్నుకొనుట యెట్లు? సంతలో ఎద్దును కొను రైతు పండ్లు చూచి, నడక చూచి, చివరకు బరువుకట్టి యెగువబాట తోలి చూచును. చదునైన బాటలో నడక యే యెద్దుకైనను చెల్లును. హెలికాప్టరునకు యెగువబాట హిమాలయము. సముద్రమట్టమున నుండు గాలి చిక్కదనములో, అయిదు కిలోమీటర్ల యెత్తున అయిదింట మూడుపాళ్ళు మాత్రమే యుండును. ఇంజను గాలిని పీల్చి, అదిమి, ఇంధనముతో మండించి, ఆ వేడి యావిరుల వేగముచే చక్రమును త్రిప్పును. పీల్చు గాలి పలుచనైనకొలది బలము తగ్గును. అదే సమయమున పైని తిరుగు రెక్కలకును పట్టు తగ్గును. అనగా బలము తగ్గినచోటనే బలము హెచ్చుగా కావలసియుండును. 1999 కార్గిల్ యుద్ధమున శిఖరములపై పొంచియున్న శత్రువును అంతటి యెత్తున యెదుర్కొను యుద్ధ హెలికాప్టరు మనకు లేకుండెను. ఆ లోటునుండియే ప్రచండ్ సంకల్పము పుట్టినది. కావున ఢిల్లీలో కాగితముపై వ్రాయబడిన అశ్వశక్తి మాకు ప్రధానము కాదు. సియాచెన్‌లో మిగిలిన అశ్వశక్తియే ప్రధానము.

ఈ విషయమున ప్రచండ్ మంచి సాక్ష్యమునే యిచ్చినది. 2010 మార్చి 29న తొలిసారి యెగిరిన యీ హెలికాప్టరును 2015లో లేహ్ ప్రాంతమునకు కొనిపోయి, 4.1 కిలోమీటర్ల యెత్తున మైనస్ 18 డిగ్రీల చలిలో రాత్రియంతయు ఆరుబయట నుంచి, ఉదయమున ఇంజనును రగిల్చి చూచిరి. ఆ వేసవిలోనే జోధ్‌పూర్ యెండలో నడిపి చూచిరి. తరువాత సియాచెన్ సీమలో 4.8 కిలోమీటర్ల యెత్తునగల దిగుడుస్థలమున దించిరి. అటుపిమ్మట 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో వాయుసేన దీనిని స్వీకరించెను. తొలి యెగురుటకును స్వీకారమునకును నడుమ పన్నెండేండ్లు గడచినవి. ఇందులో కొంత అలసత యుండవచ్చును. కాని పెక్కుభాగము పరీక్షలకు చెల్లవలసిన ఋణమే.

పరీక్ష యన నేమో పాఠకులకు విశదముగా తెలియుట మంచిది. 2022 నవంబరులో మన హైదరాబాదు యువకుల సంస్థయగు స్కైరూట్‌వారు తమ రాకెట్టును ఆకాశమున కెగయించినపుడు మనమందఱము గర్వించితిమి. రాకెట్టు ఇంజను నిమిషములలో తన పని ముగించుకొనును. హెలికాప్టరు ఇంజను అట్లు కాదు. అది వేలకొలది గంటలు, దుమ్ములోను, ఉప్పుగాలిలోను, మంచులోను, రగిలి యాఱి, ఆఱి రగిలి పనిచేయవలెను. కావుననే దానిని పీఠమునకు బిగించి, హెచ్చుబలమునను తక్కువబలమునను మార్చిమార్చి 150 గంటలు నడిపి, విప్పి ప్రతిభాగమును పరిశీలింపవలెనని అంతర్జాతీయ నిబంధన యున్నది. ఇసుక పోసి చూతురు, మంచు పోసి చూతురు, పక్షి తగిలిన నేమగునో చూతురు. రెండింటిలో నొకటి ఆగిపోయినచో రెండవది కొద్ది నిమిషములపాటు తన శక్తికి మించి భారము మోయవలెను. ఆ కొద్ది నిమిషములే ఇద్దఱు వీరుల ప్రాణములు. ఇట్టి పరీక్షలో విరిగిన ప్రతి ఇంజనును వృథాయైనదని యనుకొనరాదు. అది నేలమీద విరిగినందున ఆకాశమున నొకటి విరుగకుండెను.

ఇంజను విద్యయందు మిక్కిలి గుప్తమైనది దాని లోపలి బ్లేడు. వ్రేలెడు పొడవుండు ఆ లోహపు రేకు, తాను కరగిపోదగినంత వేడిలో, నిమిషమునకు వేలకొలది మార్లు తిరుగుచు నిలువవలెను. సాధారణ లోహము చిన్న చిన్న స్ఫటికముల కూర్పు. మిక్కుటమైన వేడిలో ఆ కూర్పు అతుకులవద్దనే సాగి చీలును. అతుకే లేకుండ మొత్తము బ్లేడును ఒకే స్ఫటికముగా పోతపోయుట ఉపాయము. ఈ విద్య అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యా మొదలగు కొద్ది దేశములకే వశమై యుండెను. 1963లో స్థాపితమైన మన హైదరాబాదు రక్షణ లోహ పరిశోధనశాల దానిని సాధించినది. హెలికాప్టరు ఇంజనునకు పనికివచ్చు అట్టి బ్లేడులు 60 హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసినట్లు 2021 ఏప్రిలు 26న ప్రకటన వెలువడెను. మొత్తము 300 బ్లేడులు చేయుట వారి సంకల్పము. వేడి 1,500 డిగ్రీల వఱకు చేరు ఇంజనులలో నివి నిలుచునని చెప్పిరి. కంచన్‌బాగులోనే 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ సంస్థ మేలిలోహములను తయారు చేయుచున్నది. చిలుక గూడు మన యూరిలో కట్టబడుచున్నదని యిపుడు పాఠకులు గ్రహింతురుగాక! కాని అరువది బ్లేడులు విత్తనములే. పంట ఇంకను ముందున్నది.

ఇచట రెండు పక్షములవారికి సమాధానము చెప్పవలెను. మొదటి పక్షమువారు, “స్వదేశ ఇంజను ఎట్టిదైనను వెంటనే అమర్చుడు, లోపములు వాడుకలో సరిదిద్దుకొందము” అందురు. వారి యావేశమును మేము గౌరవింతుము గాని వారి మాటను గౌరవింపజాలము. 2025 జనవరి 5న పోర్‌బందరులో తీరరక్షకదళపు ధ్రువ్ కూలి ముగ్గురు మరణించిరి. తరువాత ధ్రువ్ హెలికాప్టరులన్నియు నెలల తరబడి నేలకు కట్టుబడినవి. ఆ సంఘటనలో వేలుచూపబడినది ఇంజను కాదు, రెక్కలను నియమించు ఒక భాగము. అయినను పాఠ మొక్కటే: ఒక చిన్న ముక్క నమ్మకము తప్పినచో సైన్యమంతయు కాలినడకన మిగులును. స్వదేశాభిమానము పేర సిద్ధముకాని యంత్రమును వీరుల చేతికిచ్చుట అభిమానము కాదు. అది పరుల ప్రాణముతో చేయు దానము.

రెండవ పక్షమువారు, “మంచి ఇంజను అంగడిలో దొరకుచుండగా ఈ శ్రమ యేల? కొనుక్కొందము” అందురు. వీరు లౌక్యులు. కాని 1998లో అంగడి మూతపడినపుడు వీరి లౌక్య మేమాయెను? ఎరువు సొమ్ము బరువుచేటని మన పెద్దలు వ్యర్థముగా ననలేదు. యుద్ధకాలమున ఇంజను కొనుట యన బేరము చేయుట కాదు, అనుమతి యర్థించుట.

న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక ఒడంబడికల భాషనుగూర్చి యొకటి రెండు మాటలు చెప్ప సాహసింతుము. ఇతరుల పటము ననుసరించి చేసిపెట్టు హక్కు ఒకటి. చెడినదానిని మరమ్మతు చేసికొను హక్కు ఒకటి. పటమును మన యవసరమునుబట్టి మార్చుకొను హక్కు ఒకటి. మూడవవాని యనుమతి లేక అన్యులకు విక్రయించు హక్కు మఱియొకటి. ఈ నాలుగింటికిని ‘స్వదేశ నిర్మాణ’ మను నొకే పేరు పెట్టి పత్రికలలో ప్రకటించుటచే జనులు భ్రమపడుచున్నారు. మొదటిది కౌలు; చివరి రెండు యాజమాన్యము. రాబోవు పెద్ద హెలికాప్టరునకై ఫ్రాన్సుదేశపు సఫ్రాన్ సంస్థతో కలిసి ‘అరావళి’ యను ఇంజనును రూపొందించుటకు 2024లో ఒప్పందము జరిగినది. ఇది శ్లాఘ్యమే. కాని ఇంజనులోని వేడిభాగపు పటములు, వానిని మార్చు నధికారము, పరీక్షల ఫలితములు ఎవరి సొత్తో పత్రమున స్పష్టముగా నుండవలెను. స్నేహము గొప్పది, వ్రాతమూలము అంతకంటె దీర్ఘాయువు.

ఇక చేయదగిన పని యేమి? మా యభిప్రాయము నాలుగు మాటలలో చెప్పెదము.

మొదటిది: ఇపుడు చేయబోవు 156 ప్రచండ్‌లకు శక్తి ఇంజనే యుండనిండు. అది హిమాలయమున నిరూపితమైనది. దానినుండి నేర్వదగిన దెల్ల నేర్చుకొని, విడిభాగములన్నియు నిచటనే చేయు తిథి నిర్ణయించుకొనవలెను.

రెండవది: హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌వారు 1,200 కిలోవాట్ల సొంత ఇంజనును రూపొందించుచున్నారు. ఇది ధ్రువ్, ప్రచండ్ తరగతి హెలికాప్టరులకు తగిన బలము గలది. దానిని తిన్నగా యుద్ధ హెలికాప్టరున నెక్కింపక, ముందు జంట ఇంజనుల ధ్రువ్ నొకదానిని పరీక్షకై కేటాయించి, ఒకవైపు శక్తిని, రెండవవైపు క్రొత్త ఇంజనును బిగించి యెగురవేయుడు. ఒకటి తడబడినను రెండవది యింటికి చేర్చును. కోడెదూడను ముదియెద్దు ప్రక్కన కట్టి కాడి నేర్పుట మన రైతు లెఱిగిన పద్ధతియే.

మూడవది: పరీక్షాశాలలకు కొఱత లేకుండ ధన మీయవలెను. 2010లో మన కావేరి ఇంజనును గాలిలో పరీక్షించుటకై మాస్కో సమీపమునకు మోసికొనిపోయి రష్యా విమానమున కమర్పవలసివచ్చెను. 2023 సెప్టెంబరు 29న బెంగుళూరున హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌వారు క్రొత్త ఇంజనుల నిర్మాణ పరీక్షాలయమును తెరచి, అందు 1,200 కిలోవాట్ల ఇంజనునకొక పీఠమును, ఫ్రెంచివారితో చేయబోవుదానికొక పీఠమును ఏర్పఱచిరి. మంచి ప్రారంభము. నేలమీదనే హిమాలయపు పలుచని గాలిని కల్పించి పరీక్షించు శాలలు తగినన్ని యుండవలెను.

నాల్గవది: పరీక్షల జయాపజయములను ఏటేట పార్లమెంటు నెదుట నుంచవలెను. ఇంజను బలమెంతయో శత్రువునకు చెప్పనక్కఱలేదు. కాని ఎన్ని గంటలు నడిపిరి, ఎన్ని విరిగినవి, ఎందువలన ఆలస్యమైనది అను సంగతులు ధనమిచ్చు ప్రజలకు చెప్పవలెను. దాచిన తప్పు వడ్డితో తిరిగి వచ్చును.

చివరకు రాయదుర్గము వైపు మరలుదము. 1991లో ఇన్ఫోటెక్ పేర మన నగరమున పుట్టి నేడు సయెంట్ అనబడు సంస్థవారు ప్రాట్ అండ్ విట్నీ ఇంజనుల రూపకల్పనలో చాలకాలముగా పాల్గొనుచున్నారు. ఆజాద్ ఇంజినీరింగ్‌వారు విదేశ టర్బైనులకు బ్లేడులు చేసి పంపుచున్నారు. సఫ్రాన్‌వారి పెద్ద ఇంజను మరమ్మతుశాల 2025 నవంబరు 26న శంషాబాదులో ప్రారంభమైనది. 2022 జూన్ 28న రాయదుర్గమున తెరువబడిన టీ-హబ్ మేడ క్రొత్త సంస్థలకు నీడనిచ్చుచున్నది. చేయి మనది, కన్ను మనది, లెక్క మనది. గీసిన పటముపై పేరు మాత్రము జీతమిచ్చినవానిది. ఇది వారి తప్పు కాదు. మన దేశమునకు సొంత ఇంజను పటము గీయుమని వారిని పిలిచినవారెందఱు? ఆ మేడలలోని పదిమంది నిపుణులను కంచన్‌బాగులోని పదిమంది లోహశాస్త్రజ్ఞులతో నొక బల్లచుట్టు కూర్చుండబెట్టి, పదేండ్ల కాలము, తగిన ధనము, స్పష్టమైన పని యిచ్చినచో ఫలితము రాకుండునా? నగరములోని ఇంజనీరింగు కళాశాలలు ఈ పనిలో తమ విద్యార్థులకు చోటడుగవలెను. ప్రభుత్వము కాదనినచో కారణ మడుగవలెను.

గ్రంథాలయమున కూర్చుండి యీ వ్యాసము చదువు పాఠకమహాశయులకు మా మనవి యొక్కటే. ఇకమీదట ఏ మంత్రియైనను, ఏ యధికారియైనను ‘నూటికి ఇంతపాలు స్వదేశీయ’ మని ప్రకటించినపుడు, చప్పట్లు కొట్టుటకు ముందు మూడు ప్రశ్న లడుగుడు: ఇంజను పటము ఎవరిది? దానిని పరీక్షించిన దెచట? రేపు యెవడైన కాదనినచో ఎల్లుండి మన హెలికాప్టరు లేచునా? ఈ మూడింటికిని వెఱపులేని సమాధానము వచ్చిననాడు చిలుక మన పెరటిచెట్టుపై వ్రాలినదని నమ్మవచ్చును. అందాక పని మానరాదు. పనికి ముందు పండుగ చేసికొనరాదు.